దొంగ దగ్గు

మా ఇంటికి పర్మనెంటు కొలువు వచ్చింది. సెంటినరీ కాలనీలో ఎవరు ఎదురైనా ముందు ఆ మాటే ఎత్తుతారు. "నీ మొగనికి నౌకరి అయిందట గదా సంధ్యా, ఇగ మీకేం రంది" అంటారు. అన్న తర్వాత గుర్తొచ్చి నాలుక కరుచుకుంటారు. నేను విననట్టే కొత్తిమీర బేరం చేసుకుంటూ నిలబడతాను. ఏమనాలి మరి? సంతోషమని అంటే నోరు కాలుతుంది, అనకపోతే పొగరంటారు.

బయటివాళ్ళకు ఒక మాట విడమరచి చెప్పాలి. వేరే ఊళ్ళల్లో మనిషిని పట్టుకొని అన్‌ఫిట్ అంటే తిట్టు. మా బొగ్గుబావుల దగ్గర అది దీవెన. బాయిలో పనిచేసే మనిషి ఒళ్ళు ఇక పనికి రాదని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ కొలువు కొడుక్కు వస్తుంది. అందుకే ఇక్కడ తండ్రికి గుండెజబ్బని తెలియగానే కొడుక్కు పెండ్లి సంబంధాలు వస్తాయి. అయితే రిటైర్మెంటు మరీ దగ్గరపడితే అన్‌ఫిట్ అయినా లాభం లేదు, కొలువు ఇవ్వరు. మా మామ సదయ్యకు పోయిన ఎండాకాలమే ఆఖరు అవకాశం. దరఖాస్తు పెట్టి బోర్డు పిలుపు కోసం కాచుకొని ఉన్నాం.

మామ రోగం దొంగది కాదు. భూమి లోపల బొగ్గు దుమ్ము మింగి మింగి ఆయన ఛాతీ పాడైపోయింది. నల్లా దగ్గరి నుంచి బిందె మోసుకొస్తే గడపలో కూలబడేవాడు. నా మొగుడు అంజి ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టరు దగ్గర టిప్పరు నడిపేవాడు. ఒక్కరోజు మానితే తెల్లారి ఆ సీట్లో ఇంకొకడు కూర్చొని ఉంటాడు. మా ఇద్దరు పిల్లల చదువు, మా క్వార్టరు, మా అత్త సమ్మవ్వ మోకాళ్ళ మందులు, అన్నీ మామ దగ్గు మీదే ఆధారపడి ఉన్నాయని నవ్వుకునేవాళ్ళం. నవ్వుకునేవాళ్ళం, నిజంగానే.

ఇట్లాంటి ఇంట్లోకి ఫ్రాన్సు దేశం నాటకం వచ్చి పడింది.

తెచ్చింది ఉమామహేశ్వర్ సారు. మంథని ఆయన. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై, ఆఫీసరు కొడుకు దగ్గర మా పక్క లైన్లో ఉంటున్నారు. నాటకాల పిచ్చి. ఉగాది పోయిన ఆదివారం క్లబ్బు హాల్లో తెర కట్టించి ఒక వీడియో చూపించారు. సినిమా కాదు. ఫ్రాన్సులో స్టేజీ మీద ఆడుతుంటే, ఎదుట జనం కూర్చొని ఉండగానే కెమెరాలు పెట్టి తీసిన హాస్య నాటకం. మూడువందల యేండ్లు దాటిందట, ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారట. ఒంట్లో ఏ రోగమూ లేని ఒక డబ్బున్న ముసలాయన లోకంలోని రోగాలన్నీ తనకే ఉన్నాయనుకుంటాడు. ఇంటి నిండా పొడుగు టోపీల డాక్టర్లు, నోరు తిరగని మాటలు. పనిమనిషి ఒక్కతే ఆయన మొహం మీద నిజం చెప్తుంది. భాష మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే సారు లేచి తెలుగులో చెప్తూ పోయారు. ఆయన నీడ తెర మీద పడి సగం నాటకం ఆయన బట్టతల మీదే ఆడింది.

అయినా జనం పడీ పడీ నవ్వారు. మామ అయితే కండ్ల నీళ్ళు తుడుచుకుంటూ, "భాష ఏదైతేంది, డాక్టరు యేడికి పోయినా డాక్టరే" అన్నాడు.

"మే డే నాడు మనం ఆడుదామయ్యా" అన్నారు సారు.

సారు తెలుగు చేసి తెచ్చారు గానీ రిహార్సలులో నవ్వు పుట్టలేదు. డాక్టరు వేషం జైపాల్‌ది. మామతో ఒకే షిఫ్టులో బాయి దిగే మనిషి. నోటికి వచ్చింది ఆపుకోడు. "సారూ, ఉత్తపుణ్యానికి రోగముందనుకునేటోడు మన దిక్కు ఎవడున్నడు? ఉన్న రోగమే లేదనుకొని డ్యూటీకి పోతున్నం" అన్నాడు.

మామ అందుకున్నాడు. "అన్‌ఫిట్ కోసమనుకో సారూ. మనిషి ఉక్కు లెక్క ఉన్నడు. కొడుకు కొలువు కోసం రోగం పట్టిచ్చుకుంటడు. గప్పుడు సూడుండ్రి, నవ్వుతరా లేదా."

సారు లేచి మామ భుజం పట్టుకున్నారు. "సదయ్యా, ఇన్ని రోజులు ఎక్కడున్నవయ్యా నువ్వు!" అన్నారు. రెండు రోజుల్లో మొత్తం తిరగరాశారు. పేరు 'అన్‌ఫిట్ రాజన్న'. రాజన్న వేషం ఇంకెవరికి ఇస్తారు, మామకే. దగ్గమంటే మామ దగ్గాడు. ఆయనకు దగ్గు తెచ్చుకునే పని లేదు, ఆపుకోవడమే కష్టం. మొదట గొంతులో గులకరాళ్ళు కదిలినట్టు ఉంటుంది, తర్వాత నడుం ఒంగిపోతుంది, చివరికి ఒక సన్నని ఈల. "భేష్! ఇదే దగ్గు, ఇంతే, దీన్ని ముట్టుకోవద్దు" అన్నారు సారు.

పనిమనిషి వేషానికి ఆడవాళ్ళెవరూ దొరక్క సారు మా గడపలోకి వచ్చారు. అత్తమ్మ ఎగిరిపడింది. "కోడలు మామను పట్టుకొని స్టేజి మీద తిడుతదా? నలుగురు ఏమనుకుంటరు?"

"ఇంట్ల తిడుతలేదా ఏంది?" అన్నాడు మామ. "గదే మైకు పెట్టి తిడుతది."

ఇక నన్నడిగిన వాళ్ళు లేరు. అడిగినా ఒప్పుకునేదాన్నే. ప్రైవేటు బడిలో పిల్లల మీద అరిచీ అరిచీ నా గొంతు అప్పటికే స్టేజీకి సిద్ధమై ఉంది. ఆ నెల రోజులు మా ఇంట్లో పొయ్యి దగ్గర కూడా నాటకమే. నేను ఒక మాట అంటే మామ మంచం మీంచి రెండు మాటలు అందుకునేవాడు. పెండ్లై వచ్చిన ఇన్నేండ్లలో మేము అంత మాట్లాడుకున్నది లేదు. అత్తమ్మ మూతి ముడుచుకుంటూనే చెవి ఇటు పెట్టి వినేది.

మే డే సాయంత్రం కూడా వేడి తగ్గలేదు. రామగుండం ఎండ పొద్దుగూకినా నేలలోంచి వస్తూనే ఉంటుంది. వీడియో తీయడానికి పెండ్లిళ్ళ సదానందం వచ్చాడు. మూడు కెమెరాలు పెట్టాడు. "ఫ్రాన్సోళ్ళ దానికి తగ్గద్దు" అని సారు గట్టిగా చెప్పారు. సదానందానికి వచ్చిన విద్య పెండ్లి విద్యే కాబట్టి, పెండ్లికూతురు మీదికి వెళ్ళినట్టే కెమెరా మెల్లగా మామ మొహం మీదికి వెళ్ళింది.

బోర్డు ముందుకు పోయే ముందు రాజన్న ఇంట్లో దగ్గు సాధన చేసే సీను అది. మామ దగ్గాడు. నేను నడుం మీద చేతులు పెట్టుకొని అన్నాను, "దగ్గు, దగ్గు! దొంగ దగ్గుకు సుత తాలీం ఉండాలె. గింత సన్నగ దగ్గితే కొడుక్కు చిప్పనే, కొలువు కాదు!"

మామ మళ్ళీ దగ్గాడు. ఒంగిపోయాడు, మోకాళ్ళు పట్టుకున్నాడు, ఈల వచ్చింది. హాలు ఊపిరి బిగబట్టింది. మరుక్షణం మామ కర్రలాగా నిటారుగా నిలబడి, జనం వైపు కన్నుకొట్టి, "మంచిగొచ్చిందా?" అన్నాడు.

ఆ నవ్వు నేను జన్మలో మరచిపోను. కుర్చీలు పడిపోయాయి. ఎక్స్‌రేలు ఇంట్లో పెట్టుకొని బోర్డు కోసం కాచుకున్న వాళ్ళే ఆ హాల్లో సగం మంది. వాళ్ళు తమను తాము చూసి నవ్వారు. నాటకం అయ్యాక మామను భుజాల మీదికి ఎత్తారు. జైపాల్ డాక్టరు టోపీ తీసి మామ నెత్తిన పెట్టాడు. అత్తమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకొని నవ్వుతూ ఉంది.

సదానందం నాటకమంతా యూట్యూబులో పెట్టాడు. అంతసేపు ఎవరు చూస్తారు? ఆ దగ్గు ముక్కను మాత్రం ఎవరో కత్తిరించారు. దాని వెనక సన్నాయి కూడా పెట్టారు. గోదావరిఖని నుంచి కొత్తగూడెం దాకా బాయి ఉన్న ప్రతిచోటా ఫోన్లలో మామ దగ్గుతున్నాడు. పాలవాడు, సెలూన్ ఆయన, నా బడి పిల్లలు, అందరికీ అదే మాట. "మంచిగొచ్చిందా?"

పది రోజులకే బోర్డు పిలుపు వచ్చింది.

అంజికి సెలవు దొరకలేదు. మామ వెంట నేను పోయాను. వరండాలో బల్లల మీద మనుషులు ఒళ్ళో ఎక్స్‌రే కవర్లు పెట్టుకొని వరుసగా కూర్చున్నారు. మామ కూర్చోగానే ఒకాయన తేరిపార చూశాడు. "కాకా, నువ్వు అన్‌ఫిట్ రాజన్నవు గదా!" అన్నాడు. అంతే, రోగులంతా లేచి వచ్చారు. సెల్ఫీలు దిగారు. కాళ్ళు వాచి నడవలేని ఒక పెద్దమనిషి మామ చెయ్యి పట్టుకొని, "తమ్మీ, జర నాకు సుత నేర్పరాదు గా దగ్గు" అన్నాడు. ఆయన నవ్వులాటకు అనలేదు. బతిమిలాడుతున్నాడు.

"నేర్చుకుంటే వచ్చేది కాదన్నా" అన్నాడు మామ. దానికీ నవ్వారు.

పేరు పిలిచారు. మామ లోపలికి పోయాడు, తలుపు మూసుకుంది. కొంతసేపటికి మామ దగ్గు వినిపించింది. గులకరాళ్ళు, ఆ తర్వాత ఒంగిపోయినప్పుడు వచ్చే మూలుగు, ఆ తర్వాత ఈల. నాకు తెలిసిన దగ్గే. తర్వాత కాసేపు ఏ చప్పుడూ లేదు. అప్పుడు లోపల ఎవరో నవ్వారు. ఒక్కరే, చిన్నగా. నవ్వింది డాక్టరో, నౌకరో, లోపలున్న ఇంకో రోగో నాకు తెలియదు.

మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమన్నరు మామా?"

"ఏమనలే. నీళ్ళు మంచిగ తాగుమన్నరు."

"లోపల ఎవలో నవ్విండ్రు గదా?"

మామ నా వైపు చూడలేదు. "ఫ్యాను చప్పుడు బిడ్డా. పాత ఫ్యాను. దా, చాయ్ తాగుదాం" అన్నాడు.

ఫిట్ అని వచ్చింది. డ్యూటీకి హాజరు కావాలని వచ్చింది. వాళ్ళు ఎక్స్‌రేలో ఏం చూశారో, ఏం చూడలేదో చెప్పేంత చదువు నాకు లేదు. ఆ వీడియో చూశారని ఒట్టు పెట్టి చెప్పలేను, చూడలేదనీ చెప్పలేను. నాకు తెలిసిందొక్కటే. దొంగ దగ్గులు ఎన్నో నిజమైన దగ్గులుగా చెల్లిపోయే ఈ బొగ్గు బెల్టులో, ఎండాకాలం చివరికి మా ఇంట్లో ఉన్న ఒక్క నిజమైన దగ్గు దొంగదైపోయింది. తప్పెవరిదని వెతికితే ఎవరి దగ్గరా దొరకదు. దొరికి ఉంటే ఆ మనిషి గల్లా పట్టుకొని నా కడుపుమంట చల్లార్చుకునేదాన్ని.

సారు పరుగున వచ్చారు. గడప దాటి లోపలికి రావడానికి కూడా ఆయనకు ముఖం చెల్లలేదు. అత్తమ్మ అరుగు మీదే దులిపేసింది. "మీకు నాటకమే సారూ. మా కొంపల నిప్పు వడ్డది."

సారు చేతులు జోడించారు. "తీసేయిస్త సమ్మవ్వా. ఇప్పుడే సదానందానికి ఫోన్ చేస్త. మొత్తం తీసేయిస్త" అన్నారు. ఆయన తీసేసినా ఊరి ఫోన్లన్నిట్లో అది ఉండనే ఉందని ఆయనకూ తెలుసు.

మంచం మీంచి మామ లేచి కూర్చున్నాడు. "వద్దు సారూ. తియ్యకుండ్రి."

"ఏందే?" అన్నాడు అంజి. అప్పుడే పని నుంచి వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము, కండ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి.

"ఇన్నేండ్లు బాయిల పని జేసిన. సదయ్యా, మంచిగ చేసినవురా అని ఒక్కడు సుత చప్పట్లు కొట్టలే. గా ఒక్కనాడు కొట్టిండ్రు. ఉండనియ్యిండ్రి."

"చప్పట్లు నాకు బువ్వ పెడ్తయా బాపూ?" అన్నాడు అంజి. అని, అన్నం ముట్టకుండా బయటికి పోయాడు. ఆ తర్వాత తండ్రితో మాట్లాడడం మానేశాడు. ఒకే ఇల్లు, రెండే గదులు. ఇద్దరూ ఒకరికి చెప్పాల్సింది ఒకరు నాకు చెప్పేవాళ్ళు. "మీ మామను గోళీలు వేసుకొమ్మను" అని ఈయన, "వాణ్ని అన్నం తినుమను" అని ఆయన. నేను మధ్యలో చచ్చేదాన్ని.

మామ డ్యూటీకి పోసాగాడు. షిఫ్టు ముగించుకొని వచ్చేసరికి పెదాలు నీలంగా ఉండేవి. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముతూ లోపలికి చూశాను. మామ గోడకు ఆనుకొని ఫోన్ చూస్తున్నాడు. శబ్దం తీసేసుకున్నాడు. తెర మీద తను ఒంగుతున్నాడు, లేస్తున్నాడు, కన్నుకొడుతున్నాడు. మామ మొహంలో పసిపిల్లవాడి వెలుగు. నన్ను చూసి సిగ్గుపడ్డాడు.

"మస్తు జేసిన గదా బిడ్డా?"

"మస్తు జేసినవు మామా" అన్నాను. గిన్నెల దగ్గరికి వచ్చి ఏడ్చాను. ఆయన రోగానికి కాదు, మా దరిద్రానికీ కాదు. ఆ మనిషికి అంత సంతోషం ఎప్పుడో దక్కాల్సింది, దక్కక దక్కక దక్కి అది కూడా ఇట్లా తగలబడింది కదా అని.

మృగశిర నాడు మా దిక్కు ఇంటింటా చేపలు వండుతారు. అంజి పొద్దున్నే గోదావరి ఒడ్డుకు పోయి పెద్ద బొచ్చె చేప పట్టుకొచ్చాడు. మామకు అదంటే ప్రాణం. సంచి నా చేతికి ఇస్తూ, "బాపుకు తలకాయ వెయ్యి. నేనే తెచ్చిన్నని చెప్పు" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "వద్దులే. నేనే చెప్త" అన్నాడు. ఆ పూట పనికి పోలేదు. స్నానం చేసి, తెల్ల బనీను వేసుకొని, మొదటి షిఫ్టు వదిలే వేళకు అరుగు మీద కూర్చున్నాడు. పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది.

మామ రాలేదు. జీపు వచ్చింది.

డ్యూటీలో పోయిన మనిషి కొడుక్కు బోర్డుతో పని లేదు. ఎక్స్‌రేలు అక్కర్లేదు, దగ్గక్కర్లేదు. అంజి ఎక్కడెక్కడ సంతకం పెట్టమంటే అక్కడక్కడ పెట్టాడు. తండ్రికి చెప్తానన్న ఆ ఒక్క మాటను గొంతులోనే పెట్టుకొని తిరిగాడు, ఇప్పటికీ అట్లాగే తిరుగుతున్నాడు.

దినాలు అయిన మరునాడు జైపాల్ వచ్చాడు. శవం వెంట వచ్చిన వాడు అప్పటిదాకా మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. మనిషి సగమైపోయాడు. అరుగు మీద కూర్చొని, చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు.

"చెప్పకుంటే నాకు నిద్ర పడుతలేదు వదినా" అన్నాడు అత్తమ్మతో. "కింద బువ్వ తినేటప్పుడు అన్న దగ్గిండు. దగ్గి, ఒంగి, మోకాళ్ళు పట్టుకున్నడు. షిఫ్టోళ్ళం మొత్తం ఆడనే ఉన్నం. అందరం నవ్వినం. చప్పట్లు కొట్టినం. ఇగ లేస్తడు, మంచిగొచ్చిందా అంటడు అని సూసినం. నేను... నేను నాటకంల డాక్టరు లెక్క నాడి పట్టుకొని డైలాగు సుత చెప్పిన. సెయ్యి సల్లగ తగిలిందాక నాకు సమజ్ కాలేదు."

అంజి లోపలి గదిలో ఉన్నాడు. విన్నాడు. బయటికి రాలేదు.

అత్తమ్మ ఏడుస్తుందనుకున్నాను, శాపాలు పెడుతుందనుకున్నాను. ఆమె కొంగు సవరించుకొని, మామూలుగా అడిగింది.

"మీరు నవ్వుడు ఆయన సూసిండా?"

జైపాల్ తల దించుకున్నాడు. "సూసిండు వదినా. మా దిక్కే సూసిండు" అన్నాడు. "సూసి, ఆయన సుత నవ్విండు."